వేట నిషేధంలో ఫైబర్ బోటు పగుళ్లు: ఏది బాగుచేయాలి, ఏది వదిలేయాలి

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మోటారు బోట్ల వేట ఆగుతుంది. ఫైబర్ బోటును బోర్లించి తీరిగ్గా చూసుకోవడానికి ఏడాది మొత్తంలో దొరికే సమయం ఇదే. కానీ చాలా ఊళ్లలో ముందు వలలు, తర్వాత ఇంజను, చివరికి జూన్ మొదటి వారంలో బోటు గుర్తొస్తాయి. అప్పుడు పగులు మీద తడి తడిగానే ఓ ప్యాచ్ అంటించి రంగు కొట్టేస్తారు. నిషేధం ముగిసేసరికి నైరుతి గాలి ఊపందుకుని, ఒడ్డు కెరటాలు పెద్దవై ఉంటాయి. దాటించే మొదటి రోజే ఆ దెబ్బలన్నీ పడేది ప్యాచ్ ఉన్న అడుగు మీదే. కాబట్టి బాగుచేయాలా వద్దా అన్న నిర్ణయం ఏప్రిల్‌లోనే జరగాలి. పని మూడు నాలుగు రోజులదే. బోటు ఆరడానికే వారాలు పడుతుంది.

బోటు పైకి లాగిన వెంటనే నాచు, అంటుకున్న చిప్పలు గీకేసి మంచినీళ్లతో కడగండి. రెండు రోజులు ఆగి మళ్లీ కడగండి. ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది. పగులులో ఉప్పు మిగిలితే ఎంత ఎండలో పెట్టినా లోపల ఆరదు. కడిగి ఆరాక పగుళ్లున్న చోట నీలం సిరా గుడ్డతో రుద్ది, తడిగుడ్డతో తుడవండి. కంటికి ఆనని పగులు కూడా నీలం గీతలా బయటపడుతుంది. ప్రతి గీత కొసనూ సుద్దతో గుర్తు పెట్టండి.

పగులు పొడవు చూసి భయపడటం, పొట్టిది కదా అని వదిలేయడం, రెండూ తప్పే. దాని కింద ఏముందన్నదే లెక్క. పైన కనబడేది జెల్‌కోట్, అంటే మిల్లీమీటరులో సగం మందం ఉండే రంగు పొర. అది పెళుసు. రాయో, పక్క బోటో తగిలితే సాలెగూడులా చీలుతుంది, అడుగున మ్యాట్, అంటే గాజుపోగుల పొర, చెక్కుచెదరకపోవచ్చు. తేల్చుకోవాలంటే గీత వెంట స్క్రేపర్ మూలతో సన్నని గాడి తీయండి. జెల్‌కోట్ దాటగానే గాజు పొర శుభ్రంగా, అద్దం తీరులో కనబడితే అది పైపగులే. గాజుపోగులు తెల్లబడి, గీత ఇంకా లోపలికి పోతుంటే బోటు గోడే విరిగినట్టు. లోపలివైపు సరిగ్గా అదే చోట తెల్లటి మచ్చ ఉందేమో చూడండి. ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు, పగులు ఆ పక్క నుంచి ఈ పక్కకు వచ్చేసింది.

గీతలు సాలెగూడులా కాక వరసగా, ఒకదాని పక్కన ఒకటి సాగుతుంటే ఇంకోలా ఆలోచించాలి. అవి సాధారణంగా లోపలి అడ్డబద్దల వెంట వస్తాయి. బద్ద ఉన్న చోట గోడ గట్టిగా, పక్కన మెత్తగా ఉంటే ప్రతి కెరటానికీ ఆ అంచు దగ్గరే వంగుతుంది. చాలాసార్లు బద్ద గోడ నుంచి ఊడిపోయి ఉంటుంది. పైన ఎన్ని ప్యాచ్‌లు వేసినా, బద్దను తిరిగి అంటించనంత వరకు అదే చోట మళ్లీ పగులుతుంది.

తర్వాత తట్టి చూడటం. గాలి లేని తెల్లవారుజామున, స్క్రూడ్రైవర్ పిడితో అడుగంతా అరచేయి ఎడంలో తడుతూ పోండి. బాగున్న చోట ఖణేల్‌మని గట్టి శబ్దం వస్తుంది. పొరలు విడిపోయిన చోట, నీరు చేరిన చోట బోలుగా, మొద్దుగా వినబడుతుంది. అక్కడ సుద్దతో గీత గీయండి. పని ముగిసేసరికి బోటు అడుగున ఒక పటం తయారవుతుంది, నిర్ణయం తీసుకునేది దాన్ని చూసే. మొద్దు శబ్దం అక్కడక్కడ అరచేయి పాటి ఉంటే బాగుచేయవచ్చు. అడుగులో నాలుగో వంతు దాకా పాకితే ఆ బోటు మీద ఇక రెసిన్ (గాజుపోగులను అతికి గట్టిపడే ద్రవం) పోయకండి.

ఇంజను బిగించే వెనక పలకను విడిగా చూడాలి. ఎక్కువ బోట్లలో దాని లోపల ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల గుండా నీరు దిగి, పైన ఫైబర్ నిగనిగలాడుతుండగానే లోపల చెక్క కుళ్లుతుంది. ఇంజను కాడ పట్టుకుని పైకీ కిందికీ గట్టిగా ఊపండి, మరొకరు పలక అంచు మీద చెయ్యి పెట్టి కూర్చోవాలి. పలక కదులుతున్నట్టు చేతికి తెలిస్తే బోల్టు విప్పి, లోపలివైపు నుంచి 4 మిల్లీమీటర్ల డ్రిల్‌తో ఒక రంధ్రం వేయండి. పొట్టు పొడిగా, లేత రంగులో వస్తే చెక్క మంచిది. నల్లగా, ముద్దగా, పుల్లటి వాసనతో వస్తే కుళ్లింది. కుళ్లిన చెక్క మీద బయట ఎన్ని పొరలు వేసినా లాభం లేదు. లోపలి ఫైబర్ కోసి, చెక్క అంతా తీసి, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై పెట్టాల్సిందే. నడిసముద్రంలో ఇంజను పలకతో సహా ఊడితే బోటు వెనక నుంచే నిండుతుంది. ఈ ఒక్క చోట ఈ ఏడాదికి నడిపిద్దాం అన్న మాట పనికిరాదు.

బోటు తేలడానికి లోపల నింపిన ఫోమ్ సంగతి చాలామంది పట్టించుకోరు. పొడి ఫోమ్ ఒక ఘనమీటరు సుమారు 950 కిలోల బరువును నీటి మీద నిలబెడుతుంది. నీరు పీల్చిన ఫోమ్ ఆ పని చేయదు, పైగా బరువు అవుతుంది. బోటు మునుపటి కంటే ఎక్కువ మంది లాగితే గానీ కదలడం లేదంటే అనుమానించండి. లోపలి నేల పలకలో అన్నిటికంటే పల్లంలో 10 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, బోటును ఆ వైపు వాల్చి రాత్రంతా ఉంచండి. కొంచెం కారి ఆగిపోతే ఆరబెట్టవచ్చు. మర్నాడు కూడా ధార ఆగకపోతే నేల పలక కోసి ఫోమ్ మార్చాలి.

ఆ నింపింది థర్మాకోల్ అయితే మరో ప్రమాదం ఉంది. బోట్లకు మామూలుగా వాడే పాలియెస్టర్ రెసిన్‌లోని స్టైరీన్ అనే ద్రవం థర్మాకోల్‌ను కరిగించేస్తుంది. పగులులోంచి రెసిన్ లోపలికి కారితే బయట ప్యాచ్ అందంగా ఉంటుంది, వెనక గుంత పడుతుంది. అక్కడ ఎపాక్సీ రెసిన్ ఒక్కటే వాడాలి. విశాఖ తీరంలో సరదాగా నిలబడి తెడ్డు వేస్తూ నడిపే గట్టి పాడిల్‌బోర్డులకూ ఇదే నియమం. వాటి కడుపులో ఎక్కువగా ఉండేది థర్మాకోల్ జాతి ఫోమే, బోటుకు మిగిలిన రెసిన్ బోర్డుకు రాస్తే బోర్డు పాడవుతుంది. ఇంకొకటి, ఒకసారి ఎపాక్సీ వేసిన చోట తర్వాత పాలియెస్టర్ సరిగ్గా పట్టదు. పాలియెస్టర్ మీద ఎపాక్సీ మాత్రం చక్కగా పడుతుంది.

వెనక పలక, అడ్డబద్దలు, అడుగు, ఈ మూడింటిలో ఒకటే పోతే (అడుగైతే నాలుగో వంతు లోపే చెడితే) బాగుచేయండి. రెండు పోతే ఆ బోటుకు పెట్టే డబ్బు కొత్తదానికి ముందస్తుగా దాచుకోవడమే మేలు. సంప్రదాయ మత్స్యకారులకు పాత బోటు స్థానంలో కొత్తది తీసుకోవడానికి ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సాయం ఇస్తూ వచ్చారు. ఈ ఏడాది మీ ఊరికి వస్తుందో లేదో సచివాలయంలోని మత్స్య సహాయకుణ్ని ఏప్రిల్‌లోనే అడిగి పెట్టుకోండి. ఈడ్చీ ఈడ్చీ కీల్ (అడుగు మధ్య వెన్ను) అరిగి గుడ్డ నేతలా గాజు కనబడుతున్న బోటును చూసి మాత్రం గుండె జారనక్కర్లేదు. లోపల పొడిగా ఉంటే పొరలు తిరిగి వేసుకోవచ్చు, ఖర్చు పెట్టదగ్గ పనే.

బాగుచేద్దామని తేలాక ఆరడం. పగులు తెరిచి, జెల్‌కోట్ గీకి, ఎండా గాలీ తగిలేలా ఉంచండి, వాన చినుకు పడితే కప్పండి. రెండు వారాలకు ఒకసారి పరీక్షించాలి. అడుగున్నర చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని ఆ చోట పరిచి, నాలుగు వైపులా టేపు అంటించి ఒక పగలూ రాత్రీ వదలండి. లోపలివైపు నీటి బొట్లు పడితే ఇంకా తడి ఉంది. పొడిగా వచ్చేదాకా రెసిన్ డబ్బా మూత తీయకండి. తడి మీద వేసిన పొర పాలలా తెల్లబడి, మొదటి నెలలోనే పెచ్చులా లేస్తుంది.

ఒక లెక్క చూద్దాం. బోటు అడుగుభాగం మందం 6 మిల్లీమీటర్లు, పగులు పొడవు 12 అంగుళాలు, ఆ పక్క నుంచి ఈ పక్కకు పోయింది. ముందు డీజిల్, గ్రీజు అసిటోన్‌తో తుడవాలి, గ్రైండర్ ఆ తర్వాతే. ముందే రుద్దితే జిడ్డు గాజులోకి కూరుకుపోతుంది. పగులుకు రెండు వైపులా వాలుగా రుద్దుకుంటూ పోవాలి, మందానికి పన్నెండింతలు, అంటే చెరో వైపు 72 మిల్లీమీటర్లు. ఇక్కడే అందరూ పిసినారితనం చేస్తారు. రెండు వేళ్ల వెడల్పు రుద్ది ప్యాచ్ వేస్తే అది అంచు మీద నిలబడుతుంది, గోడతో కలవదు. 40 నంబరు గరుకు కాగితంతో రుద్దాక ఎక్కడా మెరుపు మిగలకూడదు, మెరిసిన చోట అంటుకోదు.

చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ ఒక పొర రెసిన్‌తో తడిసి గట్టిపడితే సుమారు 1 మిల్లీమీటరు మందం వస్తుంది. కాబట్టి బయట ఆరు పొరలు, లోపలివైపు పగులు దాటి చుట్టూ నాలుగంగుళాలు వచ్చేలా మరో రెండు. మ్యాట్ 200 గ్రాములు, దానికి రెండున్నర రెట్లు రెసిన్ అంటే అర కిలో పడుతుంది. వృథాతో కలిపి కిలో తెచ్చుకోండి. అన్నిటికంటే పెద్ద ముక్క మొదట వేయండి, వాలు మొత్తాన్నీ పట్టుకునేది అదే. దాని మీద చిన్నవి. ప్రతి పొరనూ ఇనుప రోలర్‌తో నొక్కి గాలి బుడగలు తీయాలి. ఒక విడతలో మూడు పొరలు మించవద్దు. ఒకేసారి ఆరూ వేస్తే వేడెక్కి, కుంచించుకుని, అంచులు లేస్తాయి.

మే ఎండలో రెసిన్ తొందరగా బిగుస్తుంది. పొద్దున మంచు తడి ఆరాక ఎనిమిదింటి నుంచి పది లోపు, లేదా సాయంత్రం నీడలో పని పెట్టుకోండి. ఒకసారికి 200 గ్రాములే కలపండి. ఆ పాటి పాలియెస్టర్ రెసిన్‌కు 2 మిల్లీలీటర్ల హార్డెనర్ (రెసిన్‌ను గట్టిపరిచే ద్రవం), సూది లేని సిరంజితో కొలిచి. అంటే నూటికి ఒకటి. బిగుసుకుపోతోందని ఇంకా తగ్గిస్తే రెసిన్ ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. కంటితో చూసి పోసేవాళ్ల చేతిలో ఒక ప్యాచ్ అరగంటలో పగులుతుంది, మరొకటి వారమైనా జిగురుగానే ఉంటుంది. ముందు ఒక చిన్న కప్పులో కలిపి చూడండి. నీడలో 15 నుంచి 20 నిమిషాల్లో జెల్లీలా అయితే సరిపోయినట్టు.

రెసిన్‌లో కోబాల్ట్ (బిగుసుకోవడాన్ని వేగం చేసే ద్రవం) కలిపి రాకపోతే దాన్ని రెసిన్‌లో పోసి పూర్తిగా కలిపాకే హార్డెనర్ వేయాలి. కోబాల్ట్‌నూ హార్డెనర్‌నూ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ పోయకూడదు, భగ్గున అంటుకుని పేలుతుంది. రెండిటికీ ఒకే సిరంజి వాడటం కూడా ప్రమాదమే. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్లద్దాలు పెట్టుకోండి, పడితే ఆ క్షణమే పావుగంట పాటు నీళ్లతో కడుగుతూ, తర్వాత ఆసుపత్రికి వెళ్లండి. అందుకే కలిపే చోట బకెట్ నిండా మంచినీళ్లు ముందే ఉండాలి. బీడీ, చుట్ట దూరంగా. గ్రైండర్ దుమ్ముకు ముక్కుకు కట్టే తువ్వాలు చాలదు, ఎన్95 మాస్క్, నిండు చేతుల చొక్కా కావాలి. మిగిలిన రెసిన్ కప్పును షెడ్డులో వదలకండి, పొగ వచ్చేంత వేడెక్కుతుంది. తడి ఇసుకలో గుచ్చి బయట పెట్టండి.

పుట్టీ, ఎం-సీల్ గురించి ఒక మాట. అవి గుంత నింపుతాయి, బలం ఇవ్వవు. సముద్రంలో కారుతుంటే ఒడ్డు చేరడానికి ఎం-సీల్ ఆదుకుంటుంది, అది జేబులో ఉండాల్సిందే. ఒడ్డు చేరాక దాన్ని గీకేసి అసలు పని చేయాలి. కొత్తగా రంగు కొట్టిన పాత బోటు కొంటున్నవాళ్లు రంగు కింద పుట్టీ ఎక్కడుందో తట్టి చూసుకోకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

ప్యాచ్ గట్టిపడ్డాక గుడ్డతో కొంచెం అసిటోన్ రుద్దండి. జిగురు తేలితే లోపల ఇంకా పచ్చిగా ఉన్నట్టే. పైపొర గాలి తగిలి జిగురుగా ఉండటం పాలియెస్టర్ స్వభావం, కాబట్టి ముందు కాస్త రుద్ది, ఆ తర్వాత పరీక్షించండి. జెల్‌కోట్ వేశాక కనీసం వారం ఎండనివ్వండి. నీళ్లలోకి దించే ముందు అడుగు కింద ఇసుక మూటలు సమంగా పెట్టి, బోటులో నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి ఒక పూట ఉంచి బయట చూడండి. చెమ్మ కనబడిన చోటే ఇంకా పగులు ఉంది.

నిషేధం ముగిసిన మొదటి వారం దూరం వెళ్లకుండా, ప్రతి రోజూ తిరిగి వచ్చాక ప్యాచ్ అంచులు సుద్దతో గీసి చూడండి. గీత వెంట సన్నని చీలిక మొదలైతే వల ఒడ్డున దించేసి బోటు పైకి లాగండి, అప్పుడైతే రుద్ది సరిచేయడం ఒక పూట పనే.