పిల్లలకు జిబ్లీ సినిమాలు చూపించే ముందు

పిల్లలకు జపాన్ యానిమేషన్ అలవాటు చేద్దామనుకునేవాళ్లకు ఒక మాట. స్టూడియో జిబ్లీ పేరు కనిపించగానే ఏదో ఒకటి పెట్టేయకండి, దర్శకుడెవరో కూడా చూసుకోండి. 1988 ఏప్రిల్ 16న ఈ స్టూడియో సినిమాలు రెండు జంటగా విడుదలయ్యాయి. మియాజాకి తీసిన 'మై నైబర్ టొటోరో' అంటే నాకు ప్రాణం. చెల్లిని వీపున మోస్తూ వానలో బస్టాపు దగ్గర నాన్న కోసం ఎదురుచూస్తుంటుంది సత్సుకి. టొటోరో అనే ఓ పెద్ద వింత జీవి వచ్చి పక్కన నిలబడుతుంది. గొడుగు మీద పడే చినుకుల చప్పుడుకే అది ఎంత మురిసిపోతుందో! నాలుగైదేళ్ల పిల్లలు కూడా కళ్లార్పకుండా చూస్తారు. గంటన్నర కూడా ఉండదు.

రెండోది తకాహతా తీసిన 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్'. అదీ గొప్ప సినిమానే. కానీ 1945లో కోబె నగరం మీద బాంబులు పడ్డాక ఓ అన్నా చెల్లెలు ఆకలితో అలమటించే కథ. బొమ్మల సినిమా కదా అని పసివాళ్లకు పెట్టొద్దు. పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చాక మీరు పక్కన కూర్చుని చూపించండి. టొటోరో అయిపోగానే ఇంకోటి కావాలని పిల్లలు మారాం చేస్తే, 1989లో వచ్చిన 'కికీస్ డెలివరీ సర్వీస్' టెన్షన్ లేకుండా పెట్టేయొచ్చు.