పానాల పెట్టెలో పీసులు లెక్కపెట్టకండి

మెకానిక్ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ముందు అడిగేది ఒకటే: "అన్నా, ఏ పెట్టె కొనమంటావు?" పెట్టే కొనొద్దంటాను. 150 పీసులని రాసి ఉన్న పెట్టెల్లో చాలావాటిలో లెక్క నింపేది స్క్రూడ్రైవర్ బిట్లే. రోజంతా చేతిలో తిరిగేవి 8, 10, 12, 13, 14, 17, 19 మిల్లీమీటర్ల సైజులు. ఈ సైజుల్లో ఒకవైపు రింగు, ఒకవైపు ఓపెన్ ఉన్న పానాలు, ఒక 3/8 అంగుళాల రాచెట్ (నట్టు మీంచి తీయకుండానే ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తిప్పే పిడి), దాని కొనకు తగిలించే గిన్నెల్లాంటి సాకెట్లు విడిగా మంచివి తీసుకోండి. మిగతావి పని అడిగినప్పుడు కొనుక్కోవచ్చు. 10 మాత్రం రెండు తీసుకోండి, ఒకటి ఎలాగూ ఇంజిన్ సందులో ఎక్కడో పడి మాయమవుతుంది.

ఎక్కడ చవకగా సరిపెట్టుకోవచ్చో తేల్చుకోవడానికి నేను ఒక్కటే చూస్తాను: ఇది పాడైతే నష్టం పనిముట్టుకేనా, బండికి కూడానా? వైరు బ్రష్, మాగ్నెట్ ట్రే, రబ్బరు సుత్తి ఏవైనా ఫర్వాలేదు. బోల్టు తలను పట్టుకునేవాటి దగ్గర, అంటే పానా, సాకెట్, ఎలన్ కీ (తలలో ఆరు పలకల గుంట ఉన్న బోల్టులకు వాడేది) దగ్గర పిసినారితనం వద్దు. తల గుండ్రంగా అరిగిపోయిందంటే డ్రిల్లింగ్, వెల్డింగ్ దాకా వెళ్లాలి. ఆ పూట కూలి కస్టమర్ బిల్లులో వేయలేం కదా.

పానా కొనడానికి వెళ్లేటప్పుడు జేబులో 10, 13 సైజు తలలున్న కొత్త బోల్టులు వేసుకెళ్తాను. పాతవి పనికిరావు, వాటి మూలలు అప్పటికే అరిగి ఉంటాయి. రింగును తలకు తొడిగి అటూ ఇటూ కదపండి. కొంచెం ఆట ఉండాల్సిందే, లేకపోతే తుప్పు పట్టిన తలకు ఎక్కదు. ఒకే సైజువి మూడు తెప్పించి పక్కపక్కన చూస్తే ఏది బిగువో, ఏది వదులో చేతికే తెలిసిపోతుంది. తర్వాత ఓపెన్ మూతిలో తలను పెట్టి వెలుతురుకు ఎత్తండి. సందు పైనుంచి కింది దాకా ఒకే మందంలో కనబడాలి. మూతి చివర వెడల్పుగా, లోపల సన్నగా ఉంటే అక్కడే పెట్టేసి రండి. చివరగా క్రోమ్ పూత చూడండి. ఎక్కడైనా పొక్కు లేచి ఉంటే వద్దు, ఆ పెచ్చు ఊడితే చెయ్యి బ్లేడులా కోస్తుంది.

"క్రోమ్ వెనేడియం" అన్న ముద్ర చూసి మోసపోకండి. అది ఉక్కులో ఏం కలిసిందో చెబుతుందంతే. గట్టిదనం వచ్చేది హీట్ ట్రీట్‌మెంట్‌లో, అంటే ఉక్కును కాల్చి చల్లార్చే పద్ధతిలో, దాని గురించి ముద్ర ఏమీ చెప్పదు.

సాకెట్లలో 6 పాయింట్లవే, అంటే లోపల ఆరు మూలలున్నవే తీసుకోండి. మంచివాటిలో మూలల దగ్గర కొద్దిగా ఖాళీ వదిలి, బలం తల పలకల మీద పడేలా చేస్తారు. 12 పాయింట్లది ప్రతి 30 డిగ్రీలకూ తలకు ఎక్కుతుంది, ఇరుకులో సుఖమే, కానీ అరిగిన తల మీద జారుతుంది. దెబ్బలు కొడుతూ నట్టు తిప్పే ఇంపాక్ట్ గన్‌కు మాత్రం మెరిసే క్రోమ్ సాకెట్ ఎప్పుడూ తగిలించొద్దు, పగిలి ముక్కలు ఎగురుతాయి. దానికి గోడ మందంగా ఉన్న నల్ల ఇంపాక్ట్ సాకెట్లే వాడాలి.

రాచెట్ లోపలి చక్రం పళ్లు 72 అయితే 5 డిగ్రీలు తిప్పినా పట్టుకుంటుంది, 24 అయితే 15 డిగ్రీలు కావాలి. అయితే పళ్ల కంటే ముందు నేను చూసేది వెనక్కి తిప్పేటప్పటి బరువు. సాకెట్‌ను రెండు వేళ్లతో తేలిగ్గా పట్టుకుని పిడిని వెనక్కి తిప్పండి. వేళ్లలోంచి సాకెట్ కూడా తిరిగిపోతోందంటే, వదులైన నట్టు దగ్గర ఆ రాచెట్ ముందుకు తిప్పింది మళ్లీ వెనక్కే తెస్తుంది. బిగిసిన నట్టుకు పిడి మీద పైపు తొడగకండి. బ్రేకర్ బార్ (సాకెట్ తగిలించే పొడుగాటి కడ్డీ) కొనండి, అందులో పళ్లు లేవు కాబట్టి అది చవకదైనా తట్టుకుంటుంది.

బ్రేకు పైపు నట్టులకు ఫ్లేర్ నట్ పానా (పైపు దూరేంత సందు మాత్రమే వదిలి నట్టును చుట్టూ పట్టుకునేది) వేరేగా ఉండాలి. మామూలు ఓపెన్ పానాతో ఆ మెత్తటి నట్టు నలిగిపోతుంది, తలనొప్పి మొదలవుతుంది.

నట్టును చెప్పినంత బలంతోనే బిగించడానికి వాడే టార్క్ రెంచ్ మాత్రం చవకది వద్దు. ఐఎస్ఓ 6789 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్షించిన సర్టిఫికెట్ అడగండి. 10 న్యూటన్ మీటర్లు (బిగింపు బలం కొలత) దాటిన క్లిక్ రెంచ్‌కు, అంటే పెట్టిన బలం రాగానే టక్కుమనేదానికి, అటూ ఇటూ 4 శాతం తేడానే ఆ ప్రమాణం ఒప్పుకుంటుంది. చిన్న ఎం6 (6 మిల్లీమీటర్ల మందం) బోల్టుకు 10 న్యూటన్ మీటర్ల చుట్టూ సరిపోతుంది, కారు చక్రం నట్టుకు 100 దాటొచ్చు. రెండింటికీ ఒకే రెంచ్ కుదరదు. పని అయ్యాక స్కేలు మీద అన్నిటికన్నా తక్కువ గీతకు తిప్పి పెట్టండి. దానితో నట్టు విప్పడం అసలు వద్దు.

సెకండ్ హ్యాండ్ పానాలు నిస్సంకోచంగా తీసుకోండి, మూతి తెరుచుకుపోలేదని బోల్టు పెట్టి చూసుకుంటే చాలు. వాడిన టార్క్ రెంచ్ అయితే కాలిబ్రేషన్ (కొలత సరిచూసి సరిచేయించడం) ఖర్చు కూడా కలుపుకుని బేరం ఆడండి. లైఫ్‌టైమ్ వారంటీ అంటే, పగిలిన సాకెట్ ఎక్కడికి తీసుకెళ్లాలో, ఎన్ని రోజుల్లో మార్చి ఇస్తారో డబ్బు ఇవ్వకముందే అడగండి.