రెండు స్పీకర్లతోనే సరౌండ్: ఏది పనిచేస్తుంది, ఏది చెడగొడుతుంది

సరౌండ్ అంటే శబ్దం చుట్టూ, వెనక నుంచీ వస్తున్నట్టు వినిపించడం. ముందు సినిమా ఫైల్లో 5.1 ట్రాక్ (ముందు, వెనక శబ్దాలు వేర్వేరుగా ఉండే ఆడియో) ఉందో లేదో చూడండి. ఉన్నది స్టీరియో (ఎడమ, కుడి మాత్రమే ఉండే) ట్రాకే అయితే వెనక శబ్దాన్ని సాఫ్ట్‌వేర్ ఊహించి పుట్టించాలి. అప్పుడు మాటలు డొల్లగా వినిపిస్తాయి.

హెడ్‌ఫోన్స్‌తో పని తేలిక. విండోస్ 10, 11లో సౌండ్ సెట్టింగ్స్ తెరిచి, స్పేషియల్ సౌండ్ కింద 'విండోస్ సోనిక్ ఫర్ హెడ్‌ఫోన్స్' ఎంచుకోండి, డబ్బు కట్టక్కర్లేదు. ప్లేయర్లోనో హెడ్‌సెట్ యాప్‌లోనో ఇలాంటిదే ఇంకోటి ఉంటే ఆపేయండి. రెండూ కలిస్తే బావిలోంచి మాట్లాడినట్టుంటుంది.

చిక్కంతా స్పీకర్లతోనే. పక్కనుంచి వచ్చే శబ్దం అవతలి చెవికి సుమారు 0.6 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. దిక్కు తెలియడానికి ఆ తేడా ముఖ్యం. ఎడమ స్పీకర్ కుడి చెవికీ వినపడి దాన్ని చెరిపేస్తుంది. వర్చువల్ సరౌండ్ (రెండు స్పీకర్లతోనే చుట్టూ శబ్దం ఉన్నట్టు చేసే సాఫ్ట్‌వేర్) ఆ చొరబాటును ఎదురు తరంగంతో రద్దు చేయాలని చూస్తుంది, కానీ తల జానెడు జరిగితే లెక్క తప్పుతుంది. అందుకే స్పీకర్ల మధ్య 5 అడుగులు, ఒక్కోదాని నుంచి తలకూ అంతే, ట్వీటర్ (సన్నని శబ్దాలిచ్చే చిన్న భాగం) చెవి ఎత్తులో, గోడకు 2 అడుగుల ఎడం. ఇది మధ్యలో కూర్చున్న ఒక్కరికే, ఇంటిల్లిపాదికీ కాదు.

ఒంగోలు వైపు చీమకుర్తి గ్రానైట్ పరిచిన హాళ్లుంటాయి చూడండి, అక్కడ నేలకు తగిలి ఎగిరొచ్చే శబ్దం ఈ లెక్కను పాడుచేస్తుంది. స్పీకర్లకూ మీకూ మధ్య మందపాటి జంపఖానా పరవండి.