డిస్క్ ప్లేయర్ నుంచి సరౌండ్ రిసీవర్‌కి డిజిటల్ కనెక్షన్

డీవీడీ, బ్లూ-రే ప్లేయర్‌ని ఎరుపు, తెలుపు ఆడియో వైర్లతో రిసీవర్‌కి (స్పీకర్లను నడిపే పెట్టెకి) కలిపితే వెళ్లేది రెండు ఛానెళ్లే. వెనక స్పీకర్లు మోగినా, అది రిసీవర్ ఆ రెండింటి నుంచి అంచనాగా పంచిన శబ్దం. డిస్క్‌లోని అసలు 5.1 (ఐదు స్పీకర్లకు, ఒక సబ్‌వూఫర్‌కి విడివిడి ఛానెళ్లు) రావాలంటే ఒక డిజిటల్ కేబుల్ చాలు. అయితే కేబుల్‌తో పాటు ప్లేయర్ మెనూలో సెట్టింగ్ కూడా మార్చాలి. చాలామంది మర్చిపోయేది దాన్నే.

రెండింటికీ హెచ్‌డీఎంఐ ఉంటే అదే వాడండి. ప్లేయర్ అవుట్ నుంచి రిసీవర్ ఇన్‌కి ఒకటి, రిసీవర్ అవుట్ నుంచి టీవీకి ఇంకొకటి. బ్లూ-రేలోని నాణ్యత తగ్గని సరౌండ్ ఫార్మాట్లు డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో ఈ దారిలోనే వెళ్తాయి. కొన్ని పాత రిసీవర్లు హెచ్‌డీఎంఐలోని శబ్దాన్ని తీసుకోవు, సిగ్నల్‌ని టీవీకి దాటిస్తాయంతే. అలాంటప్పుడు బొమ్మ హెచ్‌డీఎంఐలో టీవీకి, శబ్దం ఆప్టికల్ (వెలుగుతో పనిచేసేది) లేదా కోయాక్సియల్ (రాగి తీగది) కేబుల్‌లో రిసీవర్‌కి పంపాలి.

ఈ రెండు కేబుళ్లూ మోసేది ఒకే సిగ్నల్: రెండు ఛానెళ్ల పీసీఎం (కుదించని డిజిటల్ శబ్దం), లేదా కుదించిన డాల్బీ డిజిటల్, డీటీఎస్. డీవీడీలో డాల్బీ డిజిటల్ గరిష్ఠంగా సెకనుకు 448 కిలోబిట్లే కాబట్టి డీవీడీకి వీటితో లోటేమీ ఉండదు. ఎస్ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ) సరౌండ్ మాత్రం వీటిలో రాదు.

ఆప్టికల్ కేబుల్ కొత్తదైతే రెండు కొనల మీదా చిన్న ప్లాస్టిక్ టోపీలుంటాయి, ముందు వాటిని తీసేయండి. ప్లగ్ ఒకే వైపుగా పడుతుంది, టక్కుమనేదాకా నొక్కాలి. ప్లేయర్ ఆన్‌లో ఉంటే రెండో కొనలో ఎర్రటి వెలుగు కనిపిస్తుంది. కేబుల్‌ని మడత పడేలా వంచకండి, లోపలి ఫైబర్ దెబ్బతింటుంది. కోయాక్సియల్‌కి 75 ఓమ్‌ల కేబుల్ కావాలి. దగ్గర దూరానికి పసుపు రంగు వీడియో కేబుల్ కూడా పనిచేస్తుంది. సాకెట్ మీద 'కోయాక్సియల్' అని ఉందో లేదో చూసి మరీ పెట్టండి. పక్కన ఉండే పసుపు వీడియో సాకెట్ కూడా అచ్చం అలాగే ఉంటుంది.

ఇక ప్లేయర్ ఆడియో సెటప్‌లో డిజిటల్ అవుట్‌పుట్‌ని 'బిట్‌స్ట్రీమ్'కి (డిస్క్‌లోని శబ్దాన్ని విప్పకుండా రిసీవర్‌కి పంపడం) మార్చండి. 'పీసీఎం' మీద వదిలేస్తే ఆప్టికల్, కోయాక్సియల్‌లలో 5.1 కాస్తా రెండు ఛానెళ్లకు కుదించుకుపోతుంది. బ్లూ-రే ప్లేయర్లో 'సెకండరీ ఆడియో' లేదా 'బీడీ ఆడియో మిక్స్' ఆఫ్ చేయాలి, లేకపోతే ట్రూహెచ్‌డీ బదులు మామూలు డాల్బీయో డీటీఎస్సో వస్తుంది. రిసీవర్‌లో మీరు వాడిన సాకెట్‌ని ఆ ఇన్‌పుట్‌కి కేటాయించండి. డిస్క్ మెనూలో 5.1 ట్రాక్ ఎంచుకోండి.

వాల్యూమ్ తగ్గించి, సినిమా నడుస్తుండగా రిసీవర్ డిస్‌ప్లే చూడండి. మెనూ దగ్గర చూస్తే లాభం లేదు, అక్కడి సంగీతం తరచుగా స్టీరియోనే. 'డాల్బీ డిజిటల్' లేదా 'డీటీఎస్' అని వెలిగితే కనెక్షన్ సరిగ్గా ఉన్నట్టే. 'పీసీఎం' అని వస్తే మళ్లీ ప్లేయర్ మెనూకే వెళ్లాలి. డీటీఎస్ ట్రాక్‌లో బుసమనే శబ్దమో నిశ్శబ్దమో ఉంటే ఆ రిసీవర్‌కి డీటీఎస్ తెలియదన్నమాట, డాల్బీ ట్రాక్ పెట్టండి.

ప్లేయర్‌ని టీవీకి కలిపి, టీవీ ఆప్టికల్ నుంచి రిసీవర్‌కి తేవడం మంచి పద్ధతి కాదు. హెచ్‌డీఎంఐలో వచ్చిన 5.1ని కొన్ని టీవీలు స్టీరియో చేసి పంపుతాయి. బొమ్మ నేరుగా టీవీకి వెళ్తున్నప్పుడు పెదాల కదలిక కంటే మాట ముందే వినిపిస్తే, రిసీవర్‌లోని ఆడియో డిలేని 10 మిల్లీసెకన్ల చొప్పున పెంచుతూ రెండూ కలిసిన చోట ఆపండి.