పార్ట్ టూ ఎక్కడ తేడా కొట్టింది?

హిట్టయిన క్రైమ్ థ్రిల్లర్‌కి తక్కువ బడ్జెట్‌లో సీక్వెల్ తీసి, రఫ్ కట్ (తొలి ఎడిటింగ్ కాపీ) చూసుకుని తల పట్టుకున్నవాళ్ల కోసం ఇది. అందరూ ముందు తప్పు డబ్బు మీదకి నెట్టేస్తారు. నా ఎఫ్ఐఆర్‌లో మాత్రం డబ్బు ఏ-3.

సమస్య: "మొదటి పార్ట్‌కీ దీనికీ సంబంధమేంటి?" అని చూసినవాళ్లు అడుగుతున్నారు.

కారణం: అసలది సీక్వెల్ కాకపోవచ్చు. 2000లో వచ్చిన 'అమెరికన్ సైకో'కి 2002లో రెండో భాగం వచ్చింది. ఆ స్క్రిప్టు మొదట్లో ఏ సంబంధమూ లేని వేరే కథ. తర్వాత పాత హంతకుడు పాట్రిక్ బేట్‌మన్‌ని అందులో ఇరికించారు. ఎలాగంటే, మొదట్లోనే ఓ చిన్నపిల్ల చేత అతన్ని చంపించేశారు! ఆ పిల్ల పెద్దయి, కాలేజీలో ప్రొఫెసర్ దగ్గర అసిస్టెంట్ పోస్టుకి అడ్డొచ్చినవాళ్లని లేపేస్తూ పోతుంది. మొదటి పార్ట్‌లో బేట్‌మన్‌గా చేసిన క్రిస్టియన్ బేల్ లేడు. సినిమా థియేటర్ మొహం చూడకుండా నేరుగా వీడియోకి పోయింది. పెద్దయిన ఆ పిల్లగా మిలా కునిస్ ఉండి మాత్రం ఏం చేస్తుంది?

పరిష్కారం: స్క్రిప్టులో పాత పాత్రల పేర్లు కొట్టేసి చదవండి. ఒక్క సీనూ కూలకపోతే పేరు మార్చి విడి సినిమాగా వదిలేయండి, పరువు దక్కుతుంది. సీక్వెలే కావాలంటే మొదటి పార్ట్ తీర్చకుండా వదిలిన బాకీ ఏదో వెతకండి. 'దృశ్యం'లో శవం పోలీస్ స్టేషన్ నేల కిందే ఉందని మనకి తెలుసు, పోలీసులకి తెలియదు. 2021 నాటి రెండో భాగం ఆ స్టేషన్ నేల చుట్టూనే తిరుగుతుంది.

సమస్య: హంతకుడెవరో ఇంటర్వెల్‌కి ముందే తెలిసిపోతోంది.

కారణం: రాత కాదు, కాస్టింగ్. అంతా కొత్తవాళ్లే, మధ్యలో ఒక్కటే తెలిసిన మొహం. అంత పేరున్నాయన పక్కింటి అంకుల్‌గా కాఫీ తాగి వెళ్లిపోవడానికి రాలేదని మా అత్తయ్య కూడా చెప్పేస్తుంది.

పరిష్కారం: మొదటి హత్యకి ఆయన్నే బలివ్వండి. రెండు రోజుల కాల్షీట్ చాలు.

సమస్య: చీప్‌గా కనిపిస్తోంది.

కారణం: కెమెరాని తిడతారు గానీ సగం లోపం శబ్దానిది. స్టేషన్ సీన్ తీసుకోండి. ఫ్యాన్ తిరుగుతుంటుంది, చప్పుడుండదు. రెండు డైలాగుల మధ్య స్మశాన నిశ్శబ్దం. టేబుల్ మీద ఫైళ్లన్నీ పొద్దున కొన్నవే, ఒక్కదానికీ మూల నలగలేదు.

పరిష్కారం: షాట్లయ్యాక అందర్నీ నోరు మూయించి, ఒక్క నిమిషం గది శబ్దం రికార్డు చేయించండి. మిక్సింగ్‌లో దాని మీద వైర్‌లెస్ సెట్ గరగర, బయట స్టార్టవని బైకు వేయండి. గదంతా చూపించకండి, ఒక మూల చాలు. ఫైళ్లు పాత పేపర్ల కొట్లో కిలోల లెక్కన దొరుకుతాయి.

సమస్య: క్లైమాక్స్‌లో ట్విస్టు మీద ట్విస్టు.

కారణం: భయం.

పరిష్కారం: ఒకటి ఉంచి మిగతావి కోసేయండి. చచ్చినవాడు కళ్లు తెరిచే ఆఖరి షాట్ మాత్రం పార్ట్ త్రీకి లీడ్‌గా ఉండాలని ప్రొడ్యూసర్ పట్టుబడతాడు. ముందు దీని శాటిలైట్ రైట్స్ అమ్ముడయ్యాయా అని అడగండి.