ఉప్పాడ ఇసుకలో, తాతల నాటి ఇంట్లో బంగారం వెతకాలంటే

తుఫాను వెలిసిన మర్నాడు కాకినాడ దగ్గర ఉప్పాడ ఒడ్డున ఆడవాళ్లూ పిల్లలూ వంగుని బంగారం కోసం ఇసుక గీరుతుంటే అది టీవీ వాళ్లకు వింత వార్త. 2020 నవంబర్‌లో నివర్ తుఫాను తర్వాతైతే ఆ వీడియోలు దేశమంతా తిరిగాయి. నిజానికి అందులో వింతేమీ లేదు. అక్కడ సముద్రం ఏళ్ల తరబడి ఊరిని కోసుకుంటూ వస్తోంది, ఇళ్లూ గుళ్లూ నీళ్లలో కలిసిపోయాయి. మన వైపు ఇల్లు కట్టేటప్పుడు శంకుస్థాపన గుంటలోనో, గుమ్మం నిలబెట్టేటప్పుడు గడప కిందో నవధాన్యాలతో పాటు రవ్వంత బంగారమో వెండో వేయడం ఉన్నదే కదా. ఆ పునాది కరిగితే మట్టి కొట్టుకుపోతుంది, బంగారం అక్కడక్కడే తిరుగుతుంది. ఊళ్లో చెప్పుకునే కారణం ఇదే, నాకూ ఇదే సబబనిపిస్తుంది.

కాబట్టి మెటల్ డిటెక్టర్ మిషన్ కొనే ముందు బంగారం బరువు సంగతి బుర్రకెక్కించుకోండి. మామూలు ఇసుక నీటికంటే రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ బరువు ఉంటుంది, మేలిమి బంగారం 19 రెట్లు, రాగి కలిసిన 22 క్యారెట్ల నగ కూడా 17 రెట్లు పైమాటే. అల దాన్ని ఇసుకను లాగినట్టు లాక్కుపోలేదు, పైనున్న తేలిక ఇసుక లేచిపోయాక ఇది అడుగున గట్టి పొర మీద ఆగుతుంది. అందుకే ఎండగా, ప్రశాంతంగా ఉన్న రోజున మెత్తటి ఇసుక మీద తిరగడం దాదాపు దండగ. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్ల కాలంలో, హెచ్చరికలన్నీ ఎత్తేశాక, పోటు తగ్గి పాటు, అంటే నీళ్లు వెనక్కి తీయడం, మొదలైనప్పుడు వెళ్లండి. పౌర్ణమి, అమావాస్యల రోజుల్లో నీళ్లు ఇంకా కిందికి తీస్తాయి కాబట్టి మామూలుగా మునిగి ఉండే జాగా కూడా బయటపడుతుంది.

ఒడ్డంతా తిరగక్కర్లేదు. అల కోసేసిన గట్టు అడుగున, రాళ్ల సందుల్లో, ఇసుక పోయి గులకరాళ్లో జేగురు మట్టో తేలిన చోట చూడండి. ఇంకో గుర్తు నల్ల ఇసుక చారలు. భీమిలి నుంచి కాకినాడ దాకా మన తీరంలో ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలు బాగా ఉంటాయి, అల వాటిని ఏ చోట పేర్చిందో మిగతా బరువు సరుకును కూడా అక్కడే పేర్చే అవకాశం ఎక్కువ. చార ఉన్నంత మాత్రాన బంగారం ఉందని కాదు, వెతకడానికి అది మంచి చోటు, అంతే. కోత గట్టు కిందికి మాత్రం దూరకండి, పైకి గట్టిగా కనిపిస్తుంది గానీ అడుగున తినేసి ఉంటుంది, కూలితే లేవలేరు.

ఇప్పుడు అసలు పని. ఆ నల్ల చారలోంచి రెండు గుప్పిళ్ల ఇసుక తీసి అంచున్న పళ్లెంలో వేయండి, నల్లదో ముదురు ఆకుపచ్చదో ప్లాస్టిక్ పళ్లెం అయితే పసుపు రంగు బాగా కనబడుతుంది. నీళ్లు నింపి ముందు చేత్తో బాగా కలిపి ముద్దలు చిదపాలి. తర్వాత పళ్లేన్ని చదునుగా పట్టుకుని అటూ ఇటూ కుదిపితే బరువైనది అడుగుకు దిగుతుంది, అప్పుడు ఒక పక్కకు కొద్దిగా వంచి బియ్యంలో రాళ్లు జాలించినట్టు పైనున్న తెల్ల ఇసుకను నీళ్లతో మెల్లగా జారవిడవాలి. మళ్లీ కుదపాలి, మళ్లీ వంచాలి. తొందరపడితే అంతా పోతుంది. చివరికి చెంచాడు నల్ల ఇసుక మిగులుతుంది, దాన్ని కొద్దిపాటి నీళ్లతో గుండ్రంగా తిప్పితే నల్లది ముందుకు జరిగి, రజను (బంగారు పొడి) ఉంటే తోకలా వెనక మిగులుతుంది. మిగిలినదాన్ని ఎండబెట్టి కాగితం చుట్టిన అయస్కాంతం ఆడిస్తే అంటుకునే నల్ల రేణువులు కొన్ని వచ్చేస్తాయి. మెరిసేదల్లా బంగారం కాదు, అభ్రకం ఎండలోనే తళుక్కుమంటుంది, గోటితో నొక్కితే పొరలుగా విరుగుతుంది. బంగారం నీడలో కూడా అదే రంగు, నొక్కితే అణుగుతుంది గానీ పొడికాదు. రజనును పోగు చేయడానికి పాదరసం వాడమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, ఆ ఆవిరి పీలిస్తే నరాలు, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

రజను కాకుండా ఉంగరాలు, చెవి దుద్దులు, గొలుసులు కావాలంటే వేరే లెక్క. అవి జనం స్నానాలు చేసే చోట పోతాయి. కార్తీక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి సూర్యలంక, మంగినపూడి లాంటి చోట్ల సముద్ర స్నానాలకు వేలమంది దిగుతారు, చల్లటి నీళ్లకు వేళ్లు సన్నబడతాయి, ఉంగరం జారినట్టు కూడా తెలియదు. మొల లోతు నీళ్లుండే జాగా పాటులో ఎక్కడ తేలుతుందో అక్కడ వెతకాలి. దీనికి డిటెక్టర్ కావాల్సిందే. చవకరకం వీఎల్ఎఫ్ మిషన్లు (ఒకే తక్కువ ఫ్రీక్వెన్సీతో పనిచేసేవి) పొడి ఇసుకలో బాగానే పనిచేస్తాయి, ఉప్పు నీళ్లతో తడిసిన ఇసుక మీదికి తీసుకెళ్తే ఊరికే కూస్తూనే ఉంటాయి, ఎందుకంటే ఉప్పు నీరే కరెంటును పారనిస్తుంది. తడి ఇసుకకు ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు వాడేదో, కరెంటును ఆగి ఆగి తునకలుగా పంపే పల్స్ ఇండక్షన్ రకమో తీసుకోండి. రెండోది లోతుకు వెళ్తుంది గానీ ఇనుప మేకుకూ ఉంగరానికీ తేడా సరిగ్గా చెప్పదు, చచ్చినట్టు అన్నీ తవ్వాలి.

తవ్వడం అంటే గుర్తొచ్చింది, చాలామంది చెత్త కూతలు భరించలేక రేకు కాగితాన్ని, కూల్‌డ్రింక్ టిన్ను రింగును పట్టుకోవద్దని మిషన్‌కు చెప్పేస్తారు. సన్నటి బంగారు ఉంగరం కూడా మిషన్ తెర మీద సరిగ్గా వాటి నంబర్ల దగ్గరే కూస్తుంది. చెత్త తవ్వే ఓపిక లేకపోతే ఇది మీ పని కాదు. తవ్విన గుంటలు పూడ్చేయండి, చీకట్లో ఎవరి కాలైనా విరుగుతుంది.

పాత ఇళ్ల సంగతికొద్దాం. ఇక్కడ చూడాల్సింది బరువు కాదు, మనిషి అలవాటు. బ్యాంకులు అందుబాటులో లేని రోజుల్లో దాచిన మనిషి అర్ధరాత్రి దీపం లేకుండా కూడా తీసుకోగలిగే చోటే దాచేది. అంటే పడకగది, దేవుడి గది, పొయ్యి చుట్టుపక్కల, ధాన్యపు గాదె అడుగు. గోడ గూట్లో వెనక పలక తట్టి చూడండి, దూలం గోడలోకి దిగే చోట సందు చూడండి, భోషాణం ఉంటే లోపలి లోతు, బయటి ఎత్తు రెండూ టేపుతో కొలవండి, పలక మందానికి మించి తేడా వస్తే దొంగ అర ఉన్నట్టే. గదుల్లోనూ ఇదే పని చేయొచ్చు, ఒక గోడ మిగతావాటికన్నా మూరెడు మందంగా తేలితే ఎందుకని అడగండి. కడప బండల నేలలో ఒక్క బండ చుట్టూ సున్నం రంగు వేరుగా ఉన్నా అంతే. మేకులు, బందులు నిండిన ఇంట్లో పెద్ద డిటెక్టర్ పనికిరాదు, చేతిలో ఇమిడే చిన్న డిటెక్టర్ (పిన్‌పాయింటర్) చాలు. ఫోన్‌కు తగిలించే పాము కెమెరా ఒకటి కొనండి, సందులోకి చెయ్యి పెట్టే ముందు అది వెళ్లాలి. తేళ్లు మన బంగారం కోసం కాపలా ఉండవు గానీ ఆ సందులు వాటికిష్టం.

పాత బావిని పాతాళగరిగెతో (తాడుకు కట్టిన కొక్కేల గుత్తితో) పైనుంచే దేవండి, లోపలికి మాత్రం దిగొద్దు. అడుగున ప్రాణవాయువు లేకపోతే దిగినవాడు పైకి రాడు, కాపాడబోయినవాడూ రాడు.

నాణేలు దొరికితే చింతపండుతో తోమకండి, మెరుపొస్తుంది గానీ కొనేవాడి దృష్టిలో విలువ పోతుంది. 1939 దాకా అచ్చైన బ్రిటిష్ రూపాయి సుమారు 92 శాతం వెండి, బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం. 1940 నుంచి వెండి సగానికి తగ్గింది, 1947 రూపాయి అయితే నికెల్, అయస్కాంతానికి అతుక్కుంటుంది. ట్రంకు పెట్టెలో కాగితాలు కూడా చెత్తబుట్టలో వేయకండి, తాతగారి షేర్ సర్టిఫికెట్లు కాసుల పేరు కన్నా విలువైనవి కావచ్చు. మరిచిపోయిన బ్యాంకు డిపాజిట్ల కోసం రిజర్వ్ బ్యాంకు 2023లో తెచ్చిన ఉద్గమ్ పోర్టల్‌లో ఆయన పేరు కొట్టి చూడండి.

దొరికింది ఎవరిదన్న గొడవ ముందే తేల్చుకోవాలి. ఉమ్మడి ఇల్లయితే అన్నదమ్ములందరి ముందు, పడగొట్టించేటట్టయితే కాంట్రాక్టరుతో, ఏం దొరికితే ఎవరికని కాగితం మీద రాయించుకోండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలోనో, నేలకు అంటుకున్న కట్టడంలోనో దాగిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాసి తెలపాలి. అవును, పది రూపాయలే, నూట యాభై ఏళ్లు కావొస్తున్నా ఆ అంకె మారలేదు. హక్కుదారు తేలకపోతే, వేరే ఒప్పందం లేకపోతే, దొరికించుకున్నవాడికి మూడొంతులు, స్థలం యజమానికి పావు వంతు. దాచిపెడితే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు. బీచ్‌లో పేరు చెక్కిన ఉంగరం దొరికితే అది నిధి కాదు, ఒకరి వస్తువు, స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి.

గుళ్లలో, కోటల్లో, రక్షిత కట్టడాల్లో తవ్వకాలు నేరం, మాట్లాడక్కర్లేదు. గుప్త నిధి ఉందని పూజలకు డబ్బడిగే స్వామి, బియ్యపు గింజల్ని లాగే మహిమ ఉందంటూ రైస్ పుల్లింగ్ చెంబు అమ్మేవాడు, కిలోమీటరు దూరం నుంచి బంగారాన్ని చూపించే యాంటెన్నా అమ్మేవాడు, ముగ్గురూ ఒకే బాపతు. తవ్వకాల్లో దొరికిన కాసులని సగం ధరకు ఇస్తానన్నవాడిని ఆ లెక్కలోనే వేసుకోండి.

రజను అమ్మేటప్పుడు ఒడ్డున తిరిగే బేరగాళ్లకు ఇవ్వకండి. చిన్న సీసాలో పోగు చేసుకుని, బంగారం మేలిమిని చూపే క్యారెట్ మీటర్ ఉన్న దుకాణంలో మీ కళ్లముందే కరిగించి ముద్ద చేయించి, ఆ తర్వాతే తూకం, ధర మాట్లాడండి.