ఫ్యామిలీ కారుతో బోటు లాగేటప్పుడు వచ్చే ఇబ్బందులు: కారణం ఎక్కడుంది, ఏం చేయాలి

మేముండేది డాలస్ దగ్గర. హోండా సీఆర్‌వీ వెనకాల 14 అడుగుల అల్యూమినియం బోటు తగిలించుకుని లూయిస్‌విల్, టెక్సోమా లేకులకు చేపల కోసం వెళ్తుంటాం. బోటు, మోటారు, ట్రైలర్, బ్యాటరీ, పెట్రోలు అన్నీ కలిపి 900 పౌండ్ల దాకా ఉంటుంది. ఈ కారు 1,500 లాగగలదు, కొత్త టయోటా సియెన్నా మినీవ్యాన్ అయితే 3,500. మీ కారు మాన్యువల్‌లో ఎంత ఉందో, హిచ్ (కారు వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద ఎంత రాసి ఉందో రెండూ చూసి, తక్కువున్నదాన్నే లెక్కలోకి తీసుకోండి.

గంటకు 55 మైళ్ళ వేగం దాటగానే ట్రైలర్ తోక ఊపుతోంది

దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే, ట్రైలర్ ముక్కు హిచ్ బాల్ (అది కూర్చునే గుండు) మీద సరిపడా బరువు మోపడం లేదు. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం అక్కడ పడాలి, అంటే మా బోటుకు 90 నుంచి 135 పౌండ్లు. కొలవడానికి బాత్రూంలో మనం బరువు చూసుకునే మెషీన్ చాలు. చదునైన చోట, చక్రాలకు అడ్డు పెట్టి, మెషీన్ మీద ఒక చెక్క దుంగ నిలబెట్టి, కారుకు తగిలించినప్పుడు ఎంత ఎత్తులో ఉంటుందో అంతే ఎత్తులో ట్రైలర్ ముక్కును దాని మీద ఆనించండి. మొదటిసారి చూసినప్పుడు మాకు 40 వచ్చింది. బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు, ఐస్ బాక్సు మూడూ మోటారు పక్కనే పెట్టుకున్నాం మరి. వాటిని ముందుకు జరిపాక 95కి వచ్చింది, ఆ రోజు నుంచి ఊగడం లేదు. అలాగని ముందు మరీ ఎక్కువ బరువు పెట్టేస్తే కారు వెనక భాగం కుంగి స్టీరింగ్ తేలిపోతుంది, సీఆర్‌వీకి 150 దాటకూడదు.

రోడ్డు మీద ఊగడం మొదలైతే కంగారుపడి బ్రేకు తొక్కకండి, స్టీరింగ్ అటూఇటూ తిప్పకండి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి.

వెళ్ళేటప్పుడు బాగానే ఉంది, తిరిగొచ్చేటప్పుడే ఊగుతోంది

బోటు అడుగున నీళ్ళు మిగిలిపోయి ఉంటాయి. గ్యాలన్ నీళ్ళు 8 పౌండ్ల పైమాటే, అవన్నీ వెనక్కే చేరతాయి, ముక్కు తేలికైపోతుంది. రాంప్ (బోటును నీళ్ళలోకి దింపే ఏటవాలు దారి) ఎక్కగానే బోటు వెనక బిరడా తీసి, చివరి బొట్టు దాకా పోనివ్వండి. టెక్సాస్‌లో ఇది చట్టం కూడా, జీబ్రా మసెల్స్ అనే ఆల్చిప్పలు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పాకకుండా పెట్టారు. టెక్సోమాలో అవి 2009లో బయటపడ్డాయి. ఇంటికెళ్ళే ముందు బిరడా మళ్ళీ పెట్టడం కాదు, కారు తాళాల గుత్తికి తగిలించుకోండి, ఈసారి నీళ్ళలో దింపే ముందు అదే గుర్తు చేస్తుంది.

చక్రం దగ్గర కాలిన వాసన, రిమ్ లోపల గ్రీజు మరకలు

దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. గంటసేపు హైవే మీద వచ్చిన హబ్ (చక్రం మధ్యలో బేరింగులు, గ్రీజు ఉండే భాగం) వేడిగా ఉంటుంది, రాంప్ మీద దాన్ని చల్లటి నీళ్ళలో ముంచుతాం. లోపలి గాలి చల్లబడి కుంచించుకుని, అరిగిన సీల్ (నీళ్ళు లోపలికి రాకుండా ఆపే వలయం) సందులోంచి నీళ్ళను లోపలికి లాక్కుంటుంది. మాది విప్పితే గ్రీజు గోధుమ రంగులో కాదు, గడ్డపెరుగులా తెల్లగా ఉంది, బేరింగ్ రోలర్ల మీద తుప్పు చుక్కలు. ఇంకో రెండు ట్రిప్పులు తిప్పి ఉంటే చక్రం ఊడొచ్చేదే. కొత్త బేరింగులు, రేసులు (రోలర్లు దొర్లే ఉక్కు వలయాలు), సీల్ వేసి, బోటు ట్రైలర్లకు వాడే గ్రీజు పట్టించాం. ఇప్పుడు ఏడాదికోసారి విప్పి చూస్తాం, బయల్దేరిన 15 మైళ్ళకు ఒకసారి ఆగి రెండు హబ్‌ల దగ్గరా చెయ్యి పెట్టి చూస్తాం. గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి ఆనించలేనంత ఉంటే ఇక ముందుకు వెళ్ళొద్దు. లేకు చేరాక కూడా ఒక పావుగంట చల్లారనిచ్చి దింపండి.

ఎడమ ఇండికేటర్ వేస్తే రెండు లైట్లూ మసకగా మినుకుమంటున్నాయి

బల్బులు మార్చే ముందు తెల్ల వైరు చూడండి, అదే గ్రౌండ్, అంటే కరెంటు తిరిగి వెళ్ళే దారి. ట్రైలర్ ఫ్రేముకు బిగించిన చోట తుప్పు పట్టి ఉంటుంది. బోల్టు తీసి, లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ బిగిస్తే చాలావరకు పోతుంది.

రాంప్ మీద ముందు చక్రాలు తిరుగుతున్నాయి, కారు కదలడం లేదు

మన ఫ్యామిలీ కార్లలో చాలావాటికి ఇంజిన్ బలం ముందు చక్రాలకే వెళ్తుంది. ఏటవాలులో బరువంతా వెనక్కి వాలి ముందు చక్రాలకు పట్టు పోతుంది, కింద పాచి ఉంటే చెప్పక్కర్లేదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కిన కొద్దీ ఇంకా జారుతుంది. ఒకరిని వెనక చక్రానికి అడ్డు చెక్క పెట్టమని, బ్రేకు వదిలి చాలా మెల్లగా కదిలించండి. అప్పటికీ రాకపోతే బోటును మళ్ళీ నీళ్ళలో తేలనిచ్చి, ఖాళీ ట్రైలర్‌ను పైకి లాగి, ఏటవాలు తక్కువున్న రాంప్‌కు వెళ్ళండి. పిల్లలను మాత్రం రాంప్ మీదికి రాకముందే కారులోంచి దించి, పక్కకు దూరంగా నిలబెట్టండి, కారు అద్దాలు కిందికి దించి పెట్టుకోండి.